అయిదున్నర గంటల అజ్ఞానం

మాది కాకినాడ. భారతీయ కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మా జిల్లా మీదుగానే పోతుందని అడగనివాళ్లకి కూడా చెప్పే అలవాటు నాకుంది. 82.5ని 15తో భాగిస్తే అయిదున్నర, గ్రీనిచ్‌కన్నా మనం అంత ముందున్నాం అని లెక్క కట్టి మరీ చూపిస్తాను. అంతటి పండితుణ్ణి, నా లాప్‌టాప్ ఇదే లెక్క చెబుతుంటే పోల్చుకోలేకపోయాను.

అందులో విండోస్ పక్కనే ఉబుంటు లినక్స్ వేసుకున్నాను. విండోస్ మూసి లినక్స్‌లోకి వస్తే పొద్దున పదింటికి మధ్యాహ్నం మూడున్నర. నెట్ తగలగానే సర్దుకునేది. మళ్లీ విండోస్‌కి వెళ్తే అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర!

మదర్‌బోర్డు బ్యాటరీ పోయిందని తీర్మానించాను. సీఆర్2032 కొనితెచ్చి, లాప్‌టాప్ విప్పి బిగించాను. ఒక స్క్రూ మిగిలింది, తేడా కూడా మిగిలింది. బ్యాటరీ నీరసిస్తే గడియారం వెనకబడుతుంది, లేదంటే ఏదో పాత తేదీకి పోతుంది. కొలిచినట్టు అయిదున్నర గంటలు ముందుకి దూకదు కదా అన్న ఆలోచన రాలేదు.

ఆ తర్వాతది ఇంకా ఘనకార్యం. లినక్స్‌లో టైమ్‌జోన్‌ని యూటీసీకి, అంటే గ్రీనిచ్ సమయానికి మార్చి, ఆటోమేటిక్ టైమ్ ఆపేశాను. తెర మీద పదంటే పదే! మురిసిపోతూ మిత్రుడికి మెయిల్ పంపితే, వాడి దగ్గర అది మధ్యాహ్నం మూడున్నర ముద్రతో దిగింది. “భోంచేశాక రాయబోయేది ఇప్పుడే పంపేశావా?” అని వాడి ఫోను.

చివరికి టెర్మినల్లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశం కొట్టి చూశాను. బోర్డు మీది గడియారంలో విండోస్ మన సమయం రాసిపెడుతోంది. లినక్స్ దాన్ని యూటీసీ అనుకుని, మరో అయిదున్నర గంటలు కలుపుతోంది. ఎవరి పద్ధతిలో వాళ్లు ఒప్పే, తప్పంతా నా బుర్రది. విండోస్ కూడా ఆ గడియారాన్ని యూటీసీగానే చదివేలా, దాని రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే డీవర్డ్ చేర్చి విలువ 1 ఇచ్చాను. లినక్స్ టైమ్‌జోన్‌ని ఆసియా/కోల్‌కతాకి తెచ్చి, ఆటోమేటిక్ టైమ్ తిరిగి పెట్టాను. తగాదా తీరింది.

మీ గడియారం తప్పితే ముందు తేడా ఎంతో చూడండి. సరిగ్గా అయిదున్నర గంటలైతే అది టైమ్‌జోన్ గొడవ. ఆపి ఉంచినప్పుడల్లా వెనకబడుతుంటే బ్యాటరీని అనుమానించండి. స్క్రూడ్రైవర్ అప్పుడు తీయొచ్చు.