రాలీలో ఇల్లు వెతుకుతున్నారా? కొన్ని తలకిందుల సలహాలు

నార్త్ కరొలైనాలోని రాలీకి ఉద్యోగం మీద మారే తెలుగు కుటుంబాలకు అందరూ చెప్పే సలహాలు దాదాపు ఒక్కటే. మంచి రేటింగ్ ఉన్న స్కూలు చూసుకోండి, ఆఫీసుకు దగ్గరగా ఉండండి, మనవాళ్ళున్న చోట తీసుకోండి, అద్దెకు డబ్బులు తగలెయ్యకుండా వెంటనే కొనెయ్యండి. చెప్పేవాళ్ళంతా మన మేలు కోరేవాళ్ళే. కానీ ఈ సలహాలన్నీ పొద్దున్న కారెక్కి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే మనిషి కోసం పుట్టినవి. రోజంతా ఆ ఏరియాలోనే గడిపేవాళ్ళు వేరే ఉన్నారు: ఆరు నెలలకని ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఇంకా కారు నడిపే వయసు రాని పిల్లలు, హెచ్-4 వీసా మీద వచ్చి పని చేసే అనుమతి కోసం ఎదురుచూసే భార్యో భర్తో. ఏరియాను ఎంచుకోవాల్సింది వీళ్ళ కోసం. అలా మొదలుపెడితే సలహాలన్నీ తలకిందులవుతాయి. వినడానికి మొండిగా ఉన్నా, ఇవే సరైనవని నా గట్టి నమ్మకం.

ముందు ఊరి సంగతి. 2020 జనాభా లెక్కల ప్రకారం రాలీ జనాభా సుమారు 4.67 లక్షలు. అయితే మనవాళ్ళు రాలీ అన్నప్పుడు కేరీ, మోరిస్‌విల్, ఏపెక్స్, డర్హమ్ అన్నీ కలిపే అంటారు. వీటి నడుమ 1959లో మొదలైన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్, ఏడు వేల ఎకరాల్లో, ఈ ప్రాంతపు ఉద్యోగాలకు గుండెకాయ. దాని చుట్టూ ఊళ్ళు కారును నమ్ముకుని పెరిగాయి. కారు లేనివాళ్ళకు ఇక్కడ అన్ని ఏరియాలూ ఒకలా ఉండవు. ఆ తేడా కనిపెట్టడానికే ఈ సలహాలు.

1. ఆఫీసుకు దగ్గరని చూడకండి

ప్రాజెక్టు అయిపోతుంది, క్లయింటు మారతాడు, కొత్త మేనేజరు వారానికి నాలుగు రోజులు రమ్మంటాడు. ఇవాళ రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉన్న ఉద్యోగం రేపు డర్హమ్ డౌన్‌టౌన్‌లో ఉండొచ్చు. ఇల్లు మాత్రం అలా కదలదు. ఐ-40 మీద రద్దీ నిజమే, అయినా అందులో ఒక పావుగంట ఎక్కువ కూర్చోవడం ఒక్క మనిషి కష్టం. మీరు కొలవాల్సిన దూరం ఇంటి నుంచి పాలు దొరికే షాపుకు, లైబ్రరీకి, నీడలో బెంచీ ఉన్న పార్కుకు. అదీ మైళ్ళలో కాదు, డెబ్భై ఏళ్ళ మనిషి నడకలో.

2. ఆదివారం ఓపెన్ హౌస్‌కు వెళ్ళకండి

మంగళవారం పొద్దున పదకొండింటికి వెళ్ళండి. కారు దూరంగా ఆపి నడవండి. గరాజ్ తలుపులన్నీ మూసి ఉంటాయి. సైడ్‌వాక్ మీద కోతి టోపీ, తెల్ల స్నీకర్లు వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఒక పెద్దాయన నడుస్తూ కనబడతారు. ఆయన వెనకే వెళ్ళండి. సబ్‌డివిజన్ మొదట్లో బోర్డు దగ్గర సైడ్‌వాక్ ఆగిపోతుంది, ఆయనా అక్కడే వెనక్కి తిరుగుతారు. అవతల నాలుగు లేన్ల రోడ్డు. కిరాణా షాపు బోర్డు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, అక్కడికి వెళ్ళే దారి మాత్రం ఉండదు. బిల్డరు తన స్థలం ముందున్నంత మేరకే సైడ్‌వాక్ వేసి వదిలేస్తాడు కాబట్టి చాలాచోట్ల ఇలా ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

రోడ్డు పక్క గడ్డి చూడండి. జనం నడిచి నడిచి పడిన సన్నటి ఎర్రమట్టి దారి కనిపిస్తే, అక్కడ నడిచే అవసరం ఉన్నవాళ్ళున్నారు కానీ వాళ్ళ కోసం ఎవరూ దారి వెయ్యలేదని అర్థం. అలాంటి చోట గ్రానైట్ కౌంటర్లు ఎంత బాగున్నా ఆ ఇల్లు వదులుకోండి. పెద్దాయన మీ నాన్నగారే అనుకుని చూస్తే సందేహం తీరిపోతుంది. అదే సైడ్‌వాక్ తెగకుండా గ్రీన్‌వేలో (నడకకూ సైకిలుకూ వేసిన బాటలో) కలిసిన చోటు దొరికితే, వంటిల్లు చిన్నదైనా సరే, రెండో ఆలోచన వద్దు. రాలీ గ్రీన్‌వేలు వంద మైళ్ళకు పైగా ఉన్నాయి. వాటిని అంటుకుని ఉన్న ఏరియాలు నిజంగానే ఉన్నాయి.

3. వాన వెలిసేదాకా ఆగకండి

జోరుగా వాన పడుతున్నప్పుడే ఇల్లు చూడండి. ఇక్కడిది ఎర్ర బంకమట్టి, నీరు త్వరగా ఇంకదు. క్రాబ్‌ట్రీ క్రీక్, వాల్‌నట్ క్రీక్ పొంగడం ఈ ఊరికి కొత్త కాదు. 1996 సెప్టెంబరులో ఫ్రాన్ హరికేన్ సముద్రతీరం నుంచి ఇంత లోపలికి వచ్చి కూడా రాలీలో చెట్లు కూల్చి, వాగులు పొంగించింది. పల్లపు నేల ఎవరికి దక్కిందన్నదానికీ చరిత్ర ఉంది. వర్ణవివక్ష రోజుల్లో, 1950లలో, నల్లజాతి కుటుంబాల కోసం వేసిన రోచెస్టర్ హైట్స్ వాల్‌నట్ క్రీక్ పక్క పల్లంలో ఉంది; అక్కడివాళ్ళు దశాబ్దాలుగా వరదలతో పోరాడుతున్నారు.

ఫెమా వరద మ్యాపులో అడ్రసు కొట్టి చూడండి. మామూలు ఇంటి ఇన్సూరెన్సు వరద నష్టానికి వర్తించదు. వేరే పాలసీ తీసుకోవాలి, అదీ సాధారణంగా 30 రోజులు ఆగితే గానీ అమల్లోకి రాదు. తర్వాత క్రాల్ స్పేస్‌కు, అంటే ఇంటి కింద పాకి వెళ్ళేంత ఖాళీకి, ఉన్న చిన్న తలుపు తెరిపించి, టార్చి వేసి లోపలికి తొంగిచూడండి. నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద నీళ్ళు నిలిచి ఉన్నా, దూలాలకు బూజు పట్టినా, గోడల వెంట సన్నటి మట్టి గొట్టాలు పాకి ఉన్నా (అది చెదల పని) మేడ మీది గదులు చూడాల్సిన పనే లేదు. ఆ తేమ గాలి పీల్చేది పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళే.

4. స్కూలు రేటింగ్ కోసం ఇల్లు కొనకండి

ఈ మాటకు చాలామందికి కోపం వస్తుంది. అయినా వేక్ కౌంటీ పద్ధతి తెలిస్తే కాదనలేరు. కౌంటీ అంతటికీ ఒకటే స్కూల్ సిస్టమ్, సుమారు లక్షా అరవై వేల మంది పిల్లలు. అడ్రసును బట్టి బేస్ స్కూలు ఇస్తారు. కొత్త స్కూలు తెరిస్తే సరిహద్దులు మారతాయి. నిండిన స్కూలుకు క్యాప్ పెడతారు; ఆ తర్వాత వచ్చిన కుటుంబం పిల్లల్ని వేరే స్కూలుకు పంపుతారు. ఆ స్కూలు పేరు చెప్పి మీకు ఇల్లు అమ్మినవాళ్ళు దానికి పూచీ పడరు.

రేటింగ్ కంటే ముందు క్యాలెండర్ అడగండి. ఇయర్-రౌండ్ స్కూళ్ళలో 45 రోజులు బడి, 15 రోజులు సెలవు. వేసవిలో రెండు నెలలు తాతగారింటికి వెళ్ళి మామిడిపళ్ళు తిని రావడం అక్కడ కుదరదు. అది ముఖ్యమనుకుంటే పాత పద్ధతి క్యాలెండర్ ఉన్న స్కూళ్ళు చూసుకోవాలి. అడ్రసులో కేరీ అనో మోరిస్‌విల్ అనో ఉన్నంత మాత్రాన వేక్ కౌంటీ అనుకోవద్దు. కొన్ని ఇళ్ళు చాతమ్, డర్హమ్ కౌంటీల్లోకి వస్తాయి, స్కూళ్ళూ పన్నులూ మారిపోతాయి.

అన్నిటికంటే, పిల్ల బడి నుంచి వచ్చాక ఎవరినీ అడక్కుండా స్నేహితురాలింటికి నడిచి వెళ్ళగలదా? నా లెక్కలో ఇది రేటింగ్‌లో రెండు పాయింట్ల కంటే ఎక్కువ.

5. ఏరియా ఎలాంటిదని రియల్టర్‌ని అడగకండి

1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం వంటివి చూసి కొనేవాళ్ళను ఒకవైపు మళ్ళించకూడదు. అందుకని మంచి రియల్టర్ ఎవరుంటారో చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆ చట్టం మనలాంటి వాళ్ళను కాపాడడానికే ఉంది. కాబట్టి అడగాల్సింది ఆ వీధిలో కుక్కను తిప్పుతున్న మనిషిని, మొక్కలకు నీళ్ళు పోస్తున్న పెద్దావిడను. వాన పడితే నీరెటు పోతుంది, రాత్రి రైలు కూత ఎంత వినబడుతుంది, కరెంటు పోతే ఎప్పుడొస్తుంది అని అడగండి. 2002 డిసెంబరు మంచు తుపానులో ఉన్నవాళ్ళయితే కరెంటు సంగతి చాలా చెబుతారు.

6. మనవాళ్ళు ఎందరున్నారో లెక్కపెట్టకండి

కేరీలో 2009లో వెలసిన వేంకటేశ్వరస్వామి గుడి, 2022లో పూర్తయిన 87 అడుగుల రాజగోపురం మనకు గర్వకారణం. అయినా గుడికి వెళ్ళేది ఎక్కువగా వారాంతంలో, కారులో. వంద తెలుగు కుటుంబాలున్న సబ్‌డివిజన్‌లో కూడా పగలు అందరూ ఆఫీసుల్లోనే ఉంటారు. పగలు ఇంటి దగ్గరుండి, నడిచి వెళ్ళేంత దూరంలో అమ్మతో మాట కలిపేవాళ్ళు ఇద్దరున్నా చాలు. ఆ ఇద్దరిలో ఒకరు గుజరాతీ, ఒకరు పక్కింటి రిటైరైన టీచరు అయినా పరవాలేదు.

ఈ లెక్కన చూస్తే మోరిస్‌విల్‌కు మార్కులు ఎక్కువ పడతాయి. 2021 నుంచి అక్కడ ఉచిత స్మార్ట్ షటిల్ నడుస్తోంది. ఫోన్లో పిలిస్తే దగ్గరి స్టాపుకు వస్తుంది. చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ మైదానం ఉంది, 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచులు అక్కడ జరిగాయి. నాన్నగారికి కాలక్షేపం వెతకక్కర్లేదు. కాకపోతే విమానాలు పైనుంచి వెళ్తాయి. ఆ మోత కూడా మంగళవారం పదకొండింటికే విని తేల్చుకోండి.

7. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఫీజు ఎంతని మాత్రమే అడిగి ఊరుకోకండి

దాని మీటింగు మినిట్స్ అడగండి. ఎవరికి ఎందుకు నోటీసులు ఇచ్చారో అందులో ఉంటుంది. కొన్నిచోట్ల పెరట్లో బట్టలారేసినా, ఇంటి ముందు కూరగాయల మడి వేసినా ఉత్తరం వస్తుంది. చేతులూరుకోని పెద్దవాళ్ళకు వంకాయ మొక్క, గోంగూర మడి రోజు గడిచే దారి. అది కుదరని చోట క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఎన్ని ఉన్నా వాళ్ళకు పనికిరావు.

8. మొదటి ఏడాది కొనకండి

ధరలు పెరిగిపోతున్నాయని తొందరపెడతారు. కానీ నార్త్ కరొలైనాలో ఇల్లు ఒప్పుకోగానే అమ్మేవాళ్ళకు నేరుగా డ్యూ డిలిజెన్స్ ఫీజు కట్టడం మామూలు. ఇన్‌స్పెక్షన్‌లో లోపాలు బయటపడి మీరు వెనక్కి తగ్గితే సాధారణంగా ఆ డబ్బు తిరిగి రాదు. ఊరు తెలియకుండా కట్టే పందెం అది. అద్దెకుండి మార్చిలో పైన్ పుప్పొడి, జులై ఎండ, హరికేన్ వానలు, జనవరి మంచు అన్నీ చూడండి. ఎండాకాలం చెట్లున్న పాత వీధికీ, చెట్లన్నీ నరికి కట్టిన కొత్త సబ్‌డివిజన్‌కూ తేడా కాళ్ళకే తెలుస్తుంది. వీలైతే అమ్మానాన్నలను ఆ ఏడాదిలోనే పిలిపించండి. కొన్నాక రప్పించి ఇల్లు చూపించడం కాదు, కొనేముందు వాళ్ళ అభిప్రాయం తీసుకోండి.

అప్పుడు ఒక కాగితం మీద పగలు ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు రాయండి. ఒక్కొక్కరికీ రోజూ కావాల్సిన మూడు పనులు రాయండి. ఎవరి సాయమూ లేకుండా వాళ్ళు నడిచి చేసుకోగలిగే పనులు ఏ ఏరియాలో ఎక్కువో అక్కడే ఇల్లు వెతకండి. జీతం తెచ్చే మనిషి ఎక్కడున్నా సర్దుకోగలడు, చేతిలో కారు తాళాలున్నాయి. సర్దుకోక తప్పనివాళ్ళకే మొదటి మాట దక్కాలి.