నాలుగు సైకిళ్ల లెక్క

ఉట్రెక్ట్,
ఆదివారం.

నాయనా,

నీ వాయిస్ మెసేజి విన్నాను. "ఒక మనిషి, రెండు కాళ్లు, నాలుగు సైకిళ్లేందిరా? ఉద్యోగం ఉండాదా, ఊడిందా? ఊడింటే గమ్మున ఇంటికొచ్చెయ్" అని నువ్వంటా ఉంటే, వెనక నుంచి అమ్మ "సైకిలంగడి గానీ పెట్టినాడేమో అడుగు" అని అందించింది కూడా వినబడింది. సైకిళ్ల ఫోటో చూసి చంద్రగిరంతా చాటింపేసిన మామ పుణ్యమా అని ఈ జాబు. ఫోన్లో చెప్తే నువ్వు సగంలోనే "సరేలే, అన్నం తిన్నావా?" అంటావు. కాగితాన్ని అట్ల మధ్యలో ఆపలేవు గదా.

ముందు చిన్నవి. ఉద్యోగం ఉండాది. జలుబు పోయింది. రాగిపిండి ఇంకా అయిపోలేదు, పంపొద్దు. పెండ్లి సంగతి కిందొస్తుంది.

నేనుండేది ఉట్రెక్ట్‌లో, ఆఫీసేమో ఐండ్‌హోవెన్ పక్కన వెల్డ్‌హోవెన్‌లో. మధ్యలో రైలు. ఇంటి నుంచి స్టేషనుకు ఒక సైకిలు కావాల. దాన్నే రైలెక్కించుకోని పోతే సరిపాయె గదా అంటావు. పాకాల పాసింజరు కిటికీకి పాలక్యాన్లు తగిలించిన మనిషివి, నీకట్లనే తోస్తుంది. ఈడ మామూలుగా పనిదినాల్లో పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర వరకు రైల్లోకి సైకిలు తేకూడదు. మిగతా వేళల్లో తేవచ్చు, కానీ దానికీ టిక్కెట్టు తీయాల. ఆఫీసుకు పోయొచ్చే వేళలేవో సరిగ్గా అవే వద్దన్న వేళలు. కాబట్టి ఆ కొసన ఇంకొక సైకిలు. పగలంతా మొదటిది ఈడ నిలబడుంటుంది, రాత్రంతా రెండోది ఆడ నిలబడుంటుంది. కొన్నప్పటి నుంచి ఆ రెండూ ఒకదాని మొగం ఒకటి చూడలేదు. ఇది నా ఒక్కని పిచ్చి కాదు, రైల్లో ఉద్యోగానికి పోయేవాళ్లు చానామంది ఇట్లనే పెట్టుకుంటారు. ఈ డచ్చోళ్ల దేశంలో జనం సుమారు 1.8 కోట్లు, సైకిళ్లు 2.3 కోట్లు. మిగిలిన అరకోటి ఎవరివని అడగొద్దు, నావంటివాళ్లవే.

రెండోదాన్ని చూస్తే నీ కడుపు తరుక్కుపోతుంది. తుప్పు, చిరిగిన సీటు, గొంతు పోయిన బెల్లు. కావాలనే అట్లాంటిది కొన్నాను. రాత్రిళ్లు స్టేషన్లో ఉండే సైకిలును చూసి దొంగకు జాలి పుట్టాల. తాళాలు మాత్రం దిట్టమైనవి. వెనక చక్రం ఊచల్లో దూరేది ఒకటి, స్తంభానికి చుట్టే గొలుసు ఇంకొకటి. మంచి సైకిలుకు ఇన్సూరెన్సు చేయిస్తే, అది పోయిననాడు రెండు తాళంచెవులూ చూపించమంటారు. ఒకటే చూపిస్తే, రెండోది సైకిలుకే వదిలేసి దొంగను పిలిచినావని వాళ్ల తీర్మానం.

మొదటిది పెట్టేది ఉట్రెక్ట్ స్టేషను కింద. మూడంతస్తుల్లో 12,500 సైకిళ్లు పట్టే జాగా, 2019లో పూర్తయింది. అప్పటికి ప్రపంచంలో అంతకంటే పెద్దది లేదు. దిగి తోసుకుంటా పోయే పని లేదు, తొక్కుకుంటానే లోపలికి పోవచ్చు. ఏ వరసలో ఖాళీ ఉండాదో బోర్డు చెప్తుంది. మొదటి 24 గంటలు ఉచితం, ఆపైన దినానికింతని కట్టాల. వరస నంబరు మరిచిపోతే మాత్రం గరుడసేవ నాడు విడిచిన చెప్పులు వెతుక్కున్నట్టే. ఐండ్‌హోవెన్‌ది శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం దాకా ఆన్నే ఉంటుంది కాబట్టి దాన్ని ఉచితంగా పెట్టుకునే బయటి స్టాండులో కడతాను. కానీ శానా దినాలు కదలకపోతే మునిసిపాలిటీవాళ్లు చీటీ కట్టి పోతారు, గడువు దాటితే ఎత్తుకోని పోతారు. విడ్డూరం చూడు, చంద్రగిరి నుంచి, వేలూరు నుంచి ఏలిన మన వేంకటపతిరాయల దగ్గరికి 1610లో ఈ డచ్చోళ్లే వచ్చి, పులికాట్‌లో వ్యాపారం చేసుకుంటామని అనుమతి అడిగినారు. ఇప్పుడు వాళ్ల ఊర్లో సైకిలంత జాగాకు నేను రూల్సు చదువుకుంటా ఉండాను.

మూడోది మడిచేది. మడిస్తే అది సైకిలు కాదు, సామాను. ఏ వేళకైనా టిక్కెట్టు లేకుండా రైలెక్కుతుంది. విప్పితే మళ్లీ సైకిలు. "మరి అదొక్కటే ఉంటే చాలు గదరా" అంటావు. లెక్కకు చాలు. కానీ దాని చక్రాలు చిన్నవి. ఈ పక్క కొండలు లేవు, ఆ లోటు ఎదురుగాలి తీరుస్తుంది. ఆ గాలిలో దినామూ దాన్ని తొక్కి, మడిచి, మోసి, నిలబడి పోతే ఆఫీసు చేరేసరికి నన్ను మడిచి పెట్టాల. వేరే ఊర్లకు పోయినప్పుడు మాత్రం దాన్ని మించింది లేదు.

నాలుగోదాన్ని వెనకేసుకు రావడం కష్టమే. క్యారియరు లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, ఖరీదేమో మిగతా మూడింటినీ కలిపినదానికంటే ఎక్కువ. (ఇది అమ్మకు చదవొద్దు.) ఆదివారాలు కాలువగట్ల మీద దౌడు తీయడానికి. వెలొమినాటి అని సైకిలు భక్తుల గుంపొకటి ఉండాది. వాళ్లు రాసుకున్న నియమాల్లో 12వది ఏమంటుందంటే, మనిషికి ఉండాల్సిన సైకిళ్లు, ఇప్పుడున్నవి ఎన్నో అన్నీ, ఇంకొకటి. హద్దు కూడా అందులోనే చెప్పినారు, పెండ్లాం వదిలేసి పోయే సంఖ్యకు ఒకటి తక్కువ. నాకింకా పెండ్లి కాలేదు కాబట్టి ఆ హద్దెక్కడో తెలియదు. ఈ మాట అమ్మకు గట్టిగా చదివి వినిపించు.

ఫోటోలోని తొట్టి సైకిలు నాది కాదు. పక్కింటోళ్లది. తొట్టిలో కూర్చోనుండే పిలకాయలు కూడా వాళ్ల పిలకాయలే, అమ్మ వేరేగా అనుకోవద్దు.

పరువంటావా, దాదాపు పద్నాలుగేండ్లు ఈ దేశానికి ప్రధానిగా చేసిన మార్క్ రుట్టే చానాసార్లు ఆఫీసుకు పోయేది సైకిలు మీదే. 2024లో పదవి దిగిపోయిన దినం కూడా సైకిలెక్కే పోయినాడు. మామకు చెప్పు.

మనకు ఒక్కటే సైకిలుండె. దాని మీదే పాలు పోయె, గడ్డిమోపు వచ్చె, గ్యాసుబుడ్డి వచ్చె. వెనక అమ్మ, ముందర బారు మీద నేను, శ్రీనివాస మంగాపురం గుడికి పోయింది దాని మీదే. అదొక్కటే మోసిన చాకిరీని నేను నాలుగింటికి పంచినాను, అంతే.

అయినా నీ భయం సంఖ్య గురించి కాదని నాకు తెలుసు. పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు వెడల్పు చేసినాక, లారీ గాలికే హ్యాండిలు వణికిపోతా ఉండాదని నువ్వు సైకిలును మూలకు పెట్టేస్తివి. ఈడా ఒకప్పుడు అంతే. 1971లో ఈ చిన్న దేశంలో రోడ్ల మీద మూడువేల మందికి పైగా చచ్చిపోయినారు, వాళ్లలో 400 మందికి పైగా పిలకాయలు. అమ్మానాయనలు రోడ్డెక్కినారు. వాళ్ల ఉద్యమం పేరే "పిల్లల హత్య ఆపండి". 1973లో చమురు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, జనం హైవేల మీద సైకిళ్లు తొక్కినారు. నేను పోయే ఎర్రటి సైకిలుదారులు ఆ తరవాత ఏండ్ల తరబడి కొట్లాడి, ఖర్చుపెట్టి వేసినవి. కారుకు, నాకు నడుమ గట్టుంటుంది. బడికి పోయే పిల్ల బెల్లు కొట్టి నన్ను దాటుకోని పోతుంది. ఎవరూ హెల్మెట్ పెట్టుకోరు. అమ్మ మాట తీసెయ్యలేక నేను పెట్టుకుంటాను, అందరూ టూరిస్టు అనుకుంటారు. మన రోడ్డు వెడల్పు చేసిననాడే పక్కన ఇట్లాంటి గట్టొకటి వేసుంటే నువ్వింకా తొక్కుతా ఉందువు. అడిగేవాళ్లు లేకపోయిరి.

ఎండాకాలంలో మీరొచ్చినప్పుడు ఐదోది కొంటానని బెంగపడొద్దు. స్టేషన్లో పసుపు, నీలం రంగుల అద్దె సైకిళ్లుండాయి, ఇరవై నాలుగు గంటలకు ఐదు యూరోల చుట్టుపక్కలే. నా కార్డు మీద రెండిస్తారు గానీ, అమ్మ నీ వెనకే కూర్చుంటుంది కాబట్టి ఒకటి చాలు. ఒక్క జాగ్రత్త. దిగుడులో పెడళ్లు వెనక్కి తిప్పి టిక్కుటిక్కుమనిపించే అలవాటుండాదే నీకు, అది ఈడ పనికిరాదు. ఈ సైకిళ్లకు వెనక్కి తొక్కితే బ్రేకు. నువ్వు ఆగుతావు, అమ్మ ఆగదు.

నీ కొడుకు