అష్టదిగ్గజాలూ ఆవకాయా

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైట్‌లో ఒక్క బొమ్మ కూడా లేదు. జెనీవా దగ్గర సెర్న్‌లో పనిచేస్తూ టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసి 1991లో లోకం ముందు పెట్టిన ఆ సైటులో అక్షరాలూ, నొక్కితే ఇంకో పేజీకి తీసుకెళ్లే లింకులూ తప్ప మరేం లేవు. మా పిన్ని ఊరగాయల వ్యాపారానికి సైటు చేయబోతూ, ఆదర్శంగా ఉంటుందని ఈ సంగతి చెప్పాను. "పాపం, ఫొటోలు తీసిపెట్టేవాళ్లు లేరేమోరా ఆయనకి" అంది.

మొదటిసారి చేసేవాడికి ముందు కావలసింది కంప్యూటరు కాదు, ఓ పాత నోటుబుక్కు. ఏ పేజీలో ఏముండాలో గళ్లు గీసుకుంటే సగం పని అయినట్టే. మాకు మూడు పేజీలు చాలు: సరుకులూ ధరలూ, మా గురించి, ఫోన్ నంబరు. మొదటిదీ చివరిదీ కాఫీ చల్లారేలోపు తేలిపోయాయి. "మా గురించి" దగ్గర మాత్రం శుభలేఖ అచ్చేయిస్తున్నంత పేచీ. ఎవరి పేరు ముందు? తాతయ్య ఫొటోకి దండ ఉండాలా వద్దా? కారం దంచిన అత్తయ్యని వదిలేసి, సీసాలకి కాగితాలంటించిన బాబాయిని ఎలా వేస్తారు? ఒక్క సీసా మూత కూడా బిగించని పెద్దన్నయ్య పేరు పక్కన యూఎస్ఏ అని ఉండి తీరాలట.

ఇక డొమైన్ పేరు. ఏటా డబ్బు కట్టి నిలబెట్టుకోవాల్సిన చిరునామా అది. అందులో ఖాళీలు కుదరవు, చుక్కకి ముందు 63 అక్షరాలు దాటకూడదు. బాబాయి చెప్పిన పేరు శ్రీతో మొదలై, కులదైవం మీదుగా, గోదావరి దాటి, పిన్ని దగ్గరికొచ్చి ఆగింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే హద్దు దాటిపోయింది. ఆ నియమం పెట్టినవాళ్లెవరో గానీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అసలు రణరంగం ఫాంట్లు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో కొన్నిటికి పేర్లు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ. శ్రీకృష్ణదేవరాయలు కూడా కొలువుదీరి ఉన్నారు. బాబాయి రిటైరైన తెలుగు మాస్టారు. జాబితా చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఆంధ్రకవితా పితామహుడి చేత అరకేజీ ఆవకాయ రేటు రాయిస్తావురా?"

"పోనీ ధూర్జటి, బాబాయ్?"

"పరమ శివభక్తుడు. వెల్లుల్లి ఆవకాయ దగ్గరికి ఆయన్ని లాగకు."

చివరికి తిమ్మన గారు ఖాయమయ్యారు. ముక్కు తిమ్మన కాబట్టి ఘాటు సంగతి ఆయనకి తెలుస్తుందని బాబాయి తీర్పు.

ఫాంటు తేలిన ఊపులో హెచ్‌టీఎంఎల్ కూడా తనే రాస్తానన్నాడు. అందులో కష్టమేం లేదు, తెరిచిన ట్యాగు మూసేయాలంతే. ఇంట్లో ఫ్రిజ్ తలుపు ఏనాడూ మూయని మనిషి శీర్షిక ట్యాగు మాత్రం మూస్తాడా? పేజీ మొత్తం బొద్దు అక్షరాలైపోయింది. "కళ్లజోడు లేకుండానే కనిపిస్తోంది, ఉండనీ" అన్నాడు. ధరల పట్టిక కోసం స్పేస్‌బార్ నొక్కి నొక్కి వరసలు కుదిర్చాడు. ఎన్ని ఖాళీలిచ్చినా బ్రౌజరు ఒక్కటిగానే లెక్కేస్తుంది, ఎంటర్ కొట్టినా పట్టించుకోదు. గోంగూరా, మాగాయా, వాటి ధరలూ కలిసి ఒకే వాక్యంలో ఊరిపోయాయి.

ఇంతలో ఇంకో వింత. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో నిక్షేపంలా కనిపించిన ఆవకాయ సీసా సర్వరు ఎక్కగానే మాయమైంది. ఫొటో పేరు ఉన్నది పెద్దబడి అక్షరాల్లో, బాబాయి రాసింది చిన్నబడిలో. విండోస్ ఆ తేడాని చూసీచూడనట్టు పోతుంది. మా సర్వర్లో ఉన్నది లినక్స్, ఒప్పుకోదు. మా మేనత్త తర్వాత అంత పట్టింపున్నది దానికే.

ఎలాగైతేనేం, సైటు లేచింది. పిన్ని వీధంతా ఫోన్లో చూపించి వచ్చింది. సాయంత్రానికి ఎదురింటి పార్వతమ్మగారు వచ్చారు. ఆర్డరేమో అని పిన్ని సీసా తుడుస్తూ ఎదురెళ్లింది.

"అమెరికాలో కూడా కనిపిస్తుందటగా వదినా. మా వాడి ఫొటో, జీతం, నక్షత్రం ఓ మూల పెట్టించకూడదూ?"

పిన్ని నా వైపు తిరిగింది.

"కాకరకాయ కింద జాగా ఉందిగా, అక్కడ పెట్టరా. ఉప్పు, నూనె వివరాలు మాత్రం కదపకు."