నిమిషానికి 16 ఆవర్తాలు

డ్యాన్స్ సంగీతం చేసేవాడికి డ్యాన్స్ వచ్చి తీరాలన్న రూలేమీ లేదు. వచ్చినవాడు బరాత్ ముందు దుమ్ము రేపుతుంటాడు గానీ, అర్ధరాత్రి చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ల్యాప్‌టాప్ ముందు ఎందుకు కూర్చుంటాడు? మా ఇంట్లో ఆ కూర్చునేవాణ్ణి నేను.

హౌస్, టెక్నో, ట్రాన్స్, డబ్‌స్టెప్, డ్రమ్ అండ్ బేస్... అన్ని రకాలూ చేస్తాను. ఏది చేసినా ఒక్క నిమిషమే. రెండో నిమిషంలో ఏం చెయ్యాలో తోచకే అక్కడ ఆపేస్తానని మా ఆవిడ అనుమానం. నేను లెక్క చూపిస్తాను. హౌస్ వేగం నిమిషానికి 128 దెబ్బలు అనుకుంటే, బార్‌కి నాలుగు చొప్పున సరిగ్గా 32 బార్లకు నిమిషం నిండుతుంది. అర దెబ్బ తరగదు, అర దెబ్బ మిగలదు.

"ఆదితాళంలో 16 ఆవర్తాలు" అంది మా మేనత్త, తొడ మీద తాళం వేసి చూసుకుని. "పల్లవి ఎత్తుకునేలోపే మంగళం పాడేస్తున్నావేమిట్రా?"

అత్తయ్య ఉద్యోగమంతా పిల్లలకు సంగీతం చెప్పడంలోనే గడిచింది. రిటైరయ్యాక మా ఇంటికి వచ్చింది. ఆవిడ చేతికి విశ్రాంతి దొరికింది గానీ చెవికి దొరకలేదు. నేను వాడే ఎఫ్ఎల్ స్టూడియోని ఓ రోజు దగ్గరుండి పరిశీలించింది. బెల్జియం వాళ్ల సరుకు, 1997లో ఫ్రూటీలూప్స్ అన్న పేరుతో పుట్టింది. తెర మీద వరసకి 16 గళ్లుంటాయి. ఒకటి, అయిదు, తొమ్మిది, పదమూడు గళ్లు నొక్కితే 'దబ్ దబ్ దబ్ దబ్' మొదలవుతుంది. హౌస్‌కి పునాది పడినట్టే.

"ఇక ఆగదా?"

"మనం ఆపేదాకా ఆగదత్తయ్యా."

"నా శిష్యుల్లో ఇలాంటివాడు ఒక్కడూ తగల్లేదురా!" అంది. మెచ్చుకోలో నిట్టూర్పో తేల్చుకోలేకపోయాను.

మా ఇంట్లో మిగతావాళ్లకి ఈ శైలులన్నీ ఒకటే, వాటి పేరు 'ఆ గోల'. అత్తయ్య మాత్రం ఒక్కోదాన్నీ విడదీసి శిక్ష వేస్తుంది. డబ్‌స్టెప్ వినిపించాను. వేగం 140 అని చెప్పాను. లండన్ దక్షిణాన క్రోయ్‌డన్ ప్రాంతంలో పెరిగిన శైలి అనీ చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని రెండు బార్లు వింది. "140 ఎక్కడిదిరా? స్నేర్ మూడో దెబ్బకి గానీ పడటంలేదు. నడక 70దే. ఒకటో కాలం పాడి రెండో కాలం ఫీజు పుచ్చుకుంటున్నారు." ఇంగ్లీషులో హాఫ్‌టైమ్ అంటూ పేజీలకు పేజీలు రాసేదంతా ఇదే.

డ్రమ్ అండ్ బేస్ దగ్గర నాకు కాస్త గౌరవం దక్కుతుందనుకున్నాను. వేగం 174. 1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం రికార్డుకి రెండో వైపు వేసిన 'ఆమెన్ బ్రదర్'లో, గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ నాలుగు బార్లు ఒంటరిగా వాయించాడు. ఆరేడు సెకన్లు. ఆ ముక్కని కోసి, తిప్పి, వేగం పెంచి, ఒక శైలికి శైలే కట్టుకున్నారు. కథంతా విని అత్తయ్య అడిగింది ఒక్కటే: "ఆ అబ్బాయికి డబ్బులిచ్చారా?" ఇవ్వలేదు. ఆ పూట ఆవిడ ముందు ఇంకో డ్రమ్ అండ్ బేస్ వినిపించే ధైర్యం చెయ్యలేదు.

అసలు ఈ విద్యకు మూలపురుషుడెవరని అడిగితే నేను మనిషిని కాదు, ఓ పెట్టెని చూపిస్తాను. 1981లో జపాన్‌లోని రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే యంత్రాన్ని తెచ్చింది. గిటార్ సాధన చేసుకునేవాళ్లకు పక్కన బేస్ వాయించిపెట్టడం దాని ఉద్యోగం. అది వాయించింది కూడా. కాకపోతే బేస్ గిటార్‌లా తప్ప అన్నిటిలాగా వినిపించింది. జనం కొనలేదు, కంపెనీ 1984కల్లా తయారీ ఆపేసింది. అవి పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరుకుతుంటే షికాగోలో ఫ్యూచర్ అనే బృందం కుర్రాళ్లు ఒకటి తెచ్చుకుని, పాట నడుస్తుండగానే మరలు అటూ ఇటూ తిప్పారు. అది కుయ్యిమంది, కయ్యిమంది. 1987లో 'యాసిడ్ ట్రాక్స్' పేరుతో ఆ కుయ్యోమొర్రోనే రికార్డుగా వచ్చింది. యాసిడ్ హౌస్ పుట్టింది.

ఇదంతా గొప్పగా చెబుతుంటే నా చేతిలో ఇంకో ముక్క మిగిలే ఉంది. అంతకు అయిదేళ్ల ముందే, 1982లో, ముంబయి సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ అదే 303ని, రోలాండ్ వారిదే అయిన 808 డ్రమ్ యంత్రాన్ని ముందు పెట్టుకుని, డిస్కో దరువు మీద పది హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో మళ్లీ విడుదలయ్యాక పాశ్చాత్యులు నోరెళ్లబెట్టారు. అందులోని భూపాలి పెట్టాను. అత్తయ్య చెయ్యి తొడ మీద ఆగిపోయింది.

"మన మోహన!" అంది. "దబ్ దబ్ కింద పడి కూడా బతికే ఉందిరా." తర్వాత నా వైపు చూసి, "ఆయనకి రాగం తెలుసు. నీకు పెట్టె తెలుసు" అంది.

నా రచనలన్నీ వదలకుండా విన్న శ్రోత లోకంలో ఒక్కరే ఉన్నారు. కింది ఫ్లాటాయన. ఆయన తప్పేం లేదు, నా తప్పూ లేదు, భౌతికశాస్త్రం అలా ఏడ్చింది. హెడ్‌ఫోన్స్ బేస్ విషయంలో నిజం చెప్పవు గనక అప్పుడప్పుడు స్పీకర్‌లో వినక తప్పదు. ఆ 'దబ్' సుమారు 50 హెర్ట్జ్. అంటే దాదాపు ఏడు మీటర్ల అల. మా హాలే అంత పొడుగు లేదు. నేను చెమటోడ్చి పేర్చిన స్వరాలు గోడ దగ్గర ఆగిపోతాయి, దబ్ మాత్రం శ్లాబు దిగి ఆయన మంచం దాకా వెళ్తుంది. చుట్టాలకు ఫోన్‌లో పంపితే సరిగ్గా తిరగబడుతుంది. ఫోన్ బుల్లి స్పీకర్‌కి 50 హెర్ట్జ్ పలికే శక్తి లేదు కాబట్టి వాళ్లకు దబ్ తప్ప అన్నీ వినిపిస్తాయి. నా పాట మొత్తం వినాలంటే కింది ఫ్లాటాయన్నీ మా బావమరిదినీ పక్కపక్కన కూర్చోబెట్టాలి.

ఆయన ఓ ఆదివారం పైకొచ్చాడు. పోలీసుల ప్రసక్తి వస్తుందనుకున్నాను.

"సార్, మా బిడ్డ పెండ్లి ఉంది. బరాత్‌కు మంచి తీన్‌మార్ ఒకటి కొట్టియ్యుండ్రి. ఒక్క నిమిషమైతే సాలదు. గేటు కాడికెళ్లి ఫంక్షన్ హాల్ దాకా రావాలె."

తీన్‌మార్ అనగానే నా 16 గళ్లు బిక్కమొహం వేశాయి. దాని నడక తిశ్రం. గళ్లని మూడేసిగా మార్చుకోవచ్చు, మార్చాను కూడా. లెక్క సరిపోయింది, దరువు మాత్రం ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. డప్పు కొట్టేవాడు రెండు పుల్లల మధ్య ఎక్కడో వెంట్రుకవాసి ఆలస్యం చేస్తాడు. ఆ ఆలస్యంలోనే జనం భుజాలు లేస్తాయి. మౌస్‌తో ఒక్కో దెబ్బని పట్టుకుని కాస్త వెనక్కి జరపడం మొదలుపెట్టాను. అత్తయ్య బల్ల మీద అరచేత్తో వాయించి చూపిస్తుంటే దాన్నే మైక్‌లో పట్టి కింద పరిచాను. బండి కదిలింది. అప్పుడు నా అలవాటు కొద్దీ అడుగున ఓ దిట్టమైన దబ్ వేసి, పెళ్లి ఊరేగింపుకి సరిపడా సాగదీసి, ఆవిడకు వినిపించాను.

మొత్తం వింది. మంగళం దాకా.

"అంతా బాగుంది గానీ ఆ దబ్ తీసెయ్యరా" అంది. "ఎగిరేవాళ్లు వాళ్ల కాళ్లతో వాళ్లే వేసుకుంటారు."

దబ్ తీసేస్తే అందులో మిగిలేదంతా అత్తయ్యే. అందుకని తియ్యలేదు.