చీటీల మామ

మదనపల్లె టమోటా మార్కెట్లో పొద్దున్నే ఓ పది నిమిషాలు నిలబడండి. పెద్దకాయ ఒక పక్కకు, చిన్నకాయ ఒక పక్కకు, పగిలింది ఇంకో పక్కకు. చెయ్యి పడీ పడకముందే కాయ ఎటు పోవాలో తేలిపోతుంది. మా చీటీల మామను ఆ పనికి కూర్చోబెడితే సాయంత్రానికీ చేతిలో మొదటికాయే ఉంటుంది: "ఇంతకీ ఇది కూరగాయా, పండా?"

మామకు ఉద్యోగముంది, అది వేరే సంగతి. అసలు పని లైనక్సు ప్యాకేజీలకు ఏది ఏ గదిదో చీటీ రాసి సర్దడం. జీతం లేదు, చెయ్యమన్నవాళ్లు లేరు, సెలవు అసలే లేదు. ఆయన సర్దే డెబియన్ అనే లైనక్సు డిస్ట్రోలో యాభై వేలకు పైగా ప్యాకేజీలున్నాయంటే మనకు గుండె జారుతుంది, ఆయనకు నోరూరుతుంది. అందులో 'మిస్క్' (ఇతరాలు) అనే విభాగం పేరెత్తితే మాత్రం ఒళ్లు మండుతుంది. "యాడ పెట్టాల్నో ఆలోచించే ఓపిక లేనోళ్లు కట్టిన సత్రమప్పా అది!"

ఆయనొక్కడే అయితే గొడవ లేదు. వేరే డిస్ట్రోలు సర్దేవాళ్లు, పుంగనూరులో ఓపెన్‌సూసే బావ, కుప్పంలో ఫెడోరా అబ్బోడు ఉన్నారు. బొమ్మలు దిద్దే జింప్ ఒక్కటే, చీటీలు రాసేది ముగ్గురు. డెబియన్లో అది నేరుగా గ్రాఫిక్స్ గదిలో ఉంటుంది. ఓపెన్‌సూసేలో 'ప్రొడక్టివిటీ' వసారా దాటితేగాని ఆ గది రాదు. ఇట్ల కాదు, పని పంచుకుందామని ఒక ఆదివారం ముగ్గురూ పుంగనూరులో కూర్చున్నారు. టీలు మూడుసార్లు వచ్చాక తేలిందేమంటే, పంచుకోవడానికి ముగ్గురి లెక్కలోనూ ఒకటే అర్థం: నా చీటీలు మీరు వాడుకోండి.

"అసలు ఒకే గది ఎందుకప్పా?" అని మామ అందుకున్నాడు. శీర్కాళిలో పుట్టిన గ్రంథాలయ పండితుడు రంగనాథన్, పుస్తకాన్ని ఒకే అరలోకి తోసెయ్యకుండా దాని ముఖాలన్నీ విడదీసి చూడమని 1933లోనే కోలన్ వర్గీకరణ తెచ్చాడు. ఆ దారినే ఎన్రికో జీనీ డెబియన్‌కు డెబ్‌ట్యాగ్స్ కట్టాడు. ప్యాకేజీ పాత్ర ఏమిటి, ఏం పని చేస్తుంది, దేనిమీద చేస్తుంది, ఒక్కో ముఖానికి ఒక్కో చీటీ, మధ్యలో రెండేసి కోలన్లు. "రంగనాథన్ అప్పు వడ్డీతో కట్టినారు," అంటాడు మామ.

ఆ వడ్డీ అప్పటికే మామ వంటింటి దాకా వచ్చింది. ఊరిబిండి గిన్నెకు మూడు చీటీలు: 'పాత్ర::నంజుకొనేది', 'పని::సంగటి దించడం', 'సరుకు::చెనిక్కాయ'. అత్త గంటె పట్టుకొని అడిగింది: "ఉప్పు యాడుందో ఏ కోలన్ను అడగాల?"

పుంగనూరులో కుప్పం అబ్బోడు మామ మాటలన్నీ విని మెల్లగా అన్నాడు: "అన్నా, 2011 జనవరిలోనే డెబియన్, ఫెడోరా, ఓపెన్‌సూసే, ఉబుంటు, మాజియా వాళ్లు న్యూరెంబర్గ్‌లో కూర్చున్నారు గదా. అక్కడ మొదలైందే యాప్‌స్ట్రీమ్. ప్రోగ్రాం రాసినోడే దాని వివరాలు ఒక ఫైల్లో పెడతాడు, అన్ని డిస్ట్రోలూ దాన్నే చదువుకుంటాయి. తోట కాడే బాక్సు మీద రాసేస్తే, మళ్లీ మండీలో ఏరేదెందుకు?"

ఆ మాటకు మామ ముఖం వాడింది. రెండు నిమిషాలకే మళ్లీ వెలిగింది.

"తోట కాడ రాసింది మండీలో ఎవురన్నా నమ్మినారా? ప్రతి రైతూ మొదటి రకమనే అంటాడు!"

అంతే, పని దొరికింది. రాసినవాళ్ల చీటీల్లో తప్పులు వెతికే పనిని ముగ్గురూ పంచుకున్నారు. ఇప్పుడు ఒకే తప్పును ముగ్గురూ మూడుసార్లు పట్టుకుంటున్నారు.

ఆ ఆదివారం ఆఖరి బస్సు దిగి మామ ఇల్లు చేరేసరికి అత్త పడుకొనింది. వంటింట్లో చీటీలన్నీ పీకేసింది. ఒక్కటి మాత్రం, తన చేత్తో రాసింది, ఆయన ల్యాప్‌టాప్ మూత మీద అంటించింది: 'మిస్క్'.