మోత ఇంకా రాలా

నేను పుట్టింది చైనాలోని షెన్‌జెన్‌లో. పెరిగింది దొరవారిసత్రంలో. మా ఊరోళ్లు డి.వి.సత్రం అంటారు, ఇంకా తొందరలో ఉంటే ఉత్త సత్రం అంటారు. నేను అరచేతిలో ఇమిడే నల్ల పెట్టెని. ముందువైపు రెండున్నర అంగుళాల తెర, వెనక మినపగింజంత కన్ను, పక్కన సూది మోపేంత చిల్లు. ఆ చిల్లే నా చెవి. వీడియో తీస్తాను, తీసింది చూపిస్తాను, పాటలు వినిపిస్తాను. పసుపు, తెలుపు పిన్నులున్న వైరు తగిలిస్తే టీవీలో వచ్చేదాన్ని నాలోకి ఎక్కించుకుంటాను.

2008 ఆగస్టులో చెన్నై బర్మా బజారులో నన్ను కొన్నారు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల బతుకుతెరువు కోసం 1969లో వెలిసిన బజారు అది, బీచ్ స్టేషన్‌కి దగ్గర. నన్ను కొన్నాయన గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ పనికి రోజూ రైల్లో పోయివచ్చే మనిషి. కొట్టాయన 3,500 చెప్పాడు. ఈయన రెండు వేల దగ్గర మొదలుపెట్టాడు. రెండుసార్లు లేచిపోయి, రెండుసార్లు వెనక్కి వచ్చి, చివరికి 2,400కి బేరం కుదిర్చాడు. బిల్లు లేదు, గ్యారంటీ లేదు. "ఒకసారి ఆన్ చేసి చూపించన్నా" అని అడిగి, కొట్టాయన తీసి చూపించిన బొమ్మలో తన మొహమే కనబడేసరికి నవ్వాడు. నేను ఈ లోకంలో చూసిన మొదటి మొహం అదే.

నా గురించి నిజం చెప్పుకోవాలి. అట్టపెట్టె మీద 'ఎంపీ5' అని రాశారు. ఎంపీ4 అనేది ఒక ప్రమాణం, దానికి లెక్కాపత్రం ఉంది. ఎంపీ5 అనేది ఏ ప్రమాణమూ కాదు, ఒక అంకె పెంచితే సరుకు చెల్లుతుందని పెట్టిన పేరు. '5 మెగాపిక్సెల్' అని కూడా రాశారు. నా కన్ను ఫొటోకి చూసేది 640 బై 480, అంటే 3,07,200 చుక్కలు. మిగతావి లోపల లెక్కగట్టి అతికించేవి. వీడియోకైతే 320 బై 240తోనే సరిపెట్టుకోవాలి, సెకనుకి పదిహేను బొమ్మలు. చీకటి పడితే అంతా బూడిద రంగే. బ్యాటరీ మాత్రం ఊరూరా దొరికే రకం, నోకియా ఫోన్లలో వాడే బీఎల్-5సీ. పదిహేనేళ్ల తర్వాత కూడా నేను బతికున్నానంటే దాని పుణ్యమే.

మా వంశంలో ఖరీదైన పెద్దలున్నారు. 1988లోనే సోనీ వాళ్లు టేపుతో నడిచే వీడియో వాక్‌మన్ తెచ్చారు. 2002లో ఫ్రాన్స్ దేశపు ఆర్కోస్ పెట్టెలు, 2005లో వీడియో ఐపాడ్ వచ్చాయి. వాటిలో ఒక్కటీ మా సత్రం రైల్వే ప్లాట్‌ఫారం మీద నేను చూడలేదు. అక్కడ కనబడేది నా బోటివాళ్లమే.

రైల్లో నా కొలువు బాగా సాగింది. సూళ్లూరుపేటలో కంప్యూటర్ కొట్టుకి కార్డు ఇస్తే సినిమాని నా తెరకి సరిపడా కుదించి ఎక్కించేవాళ్లు. ఇయర్‌ఫోన్లో ఒక కొస ఈయన చెవిలో, ఇంకో కొస పక్కాయన చెవిలో. ఎదుటి సీటువాళ్లు మాట వినబడకుండానే బొమ్మ చూసేవాళ్లు. తడ దాటాక ఎండ తెర మీద పడి ఏమీ కనబడకపోతే ఎవరో ఒకరు తువ్వాలు అడ్డం పట్టేవాళ్లు.

ఇంట్లో నా పని వేరు. ఇంటికి పెద్ద అవ్వ, ఈయన తల్లి. ఆరేళ్ల మనవరాలు ఆమెను వదిలేది కాదు. ఆ పిల్ల అవ్వా అంటుందని వీధంతా ఆమెను అవ్వ అనే పిలిచేది.

2008 అక్టోబరు 22, తెల్లవారి 6 గంటల 22 నిమిషాలు. శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ11 చంద్రయాన్-1ని తీసుకుని లేచింది. మా మిద్దె మీద నుంచి షార్, అంటే ఆ రాకెట్టు కేంద్రం, తూర్పు దిక్కున ఉంటుంది, మధ్యలో పులికాట్ నీళ్లు. ముందు రాత్రంతా మబ్బు. ఈయన నన్ను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. చెట్ల పైన ఆకాశం నారింజ రంగుకి తిరిగింది. నిప్పు బొట్టు ఒకటి లేచింది. పైకెక్కి, వంగి, మబ్బులోకి దూరింది. మబ్బు లోపల నుంచి కాసేపు వెలిగి ఆరిపోయింది. అయిపోయిందనుకుని ఈయన బొటనవేలు ఆపే మీట మీదికి పోయింది.

"ఆపమాక అబ్బయా, మోత ఇంకా రాలా" అంది అవ్వ.

అప్పటికే మీట నొక్కేశాడు. నాలో ఆ ఫైలు అవ్వ మాటతో ముగుస్తుంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. వెలుతురు రెప్పపాటులో వస్తుంది. శబ్దం మూడు సెకన్లకి ఒక కిలోమీటరు చొప్పున నడిచి రావాలి. మా ఊరికి నిమిషం పైన పడుతుంది. కాసేపటికి మోత రానే వచ్చింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి, కోళ్లు గంప కిందికి దూరాయి. నా చెవి మాత్రం మూసుకునే ఉంది. చదువుకోని అవ్వకి ఆ లెక్క ఎట్లా తెలుసంటే, షార్ నుంచి మొదటి ఉపగ్రహ రాకెట్టు లేచిన 1979 నుంచీ ఆమె మిద్దె ఎక్కి చూస్తోంది మరి.

ఆ తర్వాతి జనవరిలో నన్ను నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకుపోయారు. పక్షుల పండుగ రోజులు, బస్సుల నిండా బడిపిల్లలు. చెరువులో కడప చెట్లు నడుముదాకా నీళ్లలో నిలబడి ఉంటాయి. వాటి మీద గూడబాతులు గూళ్లు పెడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు కూడా అక్కడే కాపురం. నా కంటికి జూమ్ లేదు. నేను తీసిందంతా పచ్చటి మరక మీద తెల్లటి నలుసులే. కానీ వినండి, శబ్దం మాత్రం చక్కగా పట్టాను. పెద్ద గూడబాతు గూట్లో కూడా పెద్దగా నోరెత్తదు, గోలంతా పిల్లలదే. తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేపకోసం చేసే ఆ గోల నాలుగు నిమిషాలు నాలో భద్రంగా ఉంది. పండక్కి వచ్చినవాళ్లు వీటిని సైబీరియా పక్షులంటుంటారు. కొన్ని జాతులు ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చే మాట నిజమే గానీ, ఈ గూడబాతు దక్షిణాసియా పక్షి. ఇక్కడే గుడ్లు పెట్టి పొదిగి, ఇక్కడే పిల్లల్ని పెంచుకుంటుంది. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పారితే పైరు బాగా వస్తుందని నేలపట్టు రైతులు గట్టిగా నమ్ముతారు. నాకూ ఆ మాట నచ్చుతుంది.

ఇక నా బతుకులో పెద్ద దెబ్బ. 2010 మే. లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారం. వానకి, గాలికి కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు. ఇంటికి కొరమీను వచ్చింది. అవ్వకి అప్పటికే చేతులు వణుకుతున్నాయి, పొయ్యి దగ్గర కూర్చుంటే లేవడం కష్టం. "ఈసారి నేను చెబుతా, నువ్వు తీసుకో" అని ఆమే కొడుకుతో అంది. నన్ను ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టారు.

మట్టి దాక. నూనె కాగాక ఆవాలు, మెంతులు. చింతపండు పులుసు చేత్తో పిండి పోసింది. "ఎంతవ్వా" అని మనవరాలు అడిగితే గుప్పెట మూసి చూపించింది. పులుసు తెర్లి, పచ్చివాసన పోయి, నూనె పైకి తేలాకే చేప ముక్కలు. ఆ వెనక చెక్కుతో కోసిన పుల్లమామిడి ముక్కలు. కోడలు గరిటె తీసుకోబోతే, "గరిటె పెట్టమాక, ముక్క చిదిగిపోతాది" అని గుడ్డతో దాక అంచులు రెండూ పట్టుకుని చిన్నగా గుండ్రంగా తిప్పింది. వణికే చేతులు ఆ తిప్పడంలో మాత్రం వణకలేదు. దింపేముందు వేయించి దంచిన ధనియాలు, జీలకర్ర, మెంతుల పొడి. "ఈ పూట తినేది కాదు, రేపు పొద్దున తినాలి" అని చెబుతూ చెబుతూ తన పెళ్లినాటి సంగతేదో ఎత్తుకుంది.

పదిహేడో నిమిషంలో నా బ్యాటరీ అయిపోయింది. కళ్లు చీకట్లు కమ్మాయి.

ఇక్కడ నా లోపలి పద్ధతి ఒకటి చెప్పాలి. వీడియో తీసేటప్పుడు బొమ్మల్ని ఒకదాని వెనక ఒకటి కార్డులో పరుచుకుంటూ పోతాను. ఏ బొమ్మ ఎక్కడుంది, మొత్తం ఎంత అనే పట్టీని మాత్రం ఆపే మీట నొక్కినప్పుడే చివర్లో రాస్తాను. మీట నొక్కకముందే ప్రాణం పోతే పట్టీ ఉండదు. సరుకంతా గోడౌన్‌లో ఉంటుంది, రిజిస్టరులో ఒక్క గీతైనా ఉండదు. కరెంటు వచ్చాక ఈయన తెరిచి చూస్తే ఆ ఫైలు ఎదురుగా 'సున్నా' అని ఉంది. చాలాసేపు నన్ను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కొట్టుకి తీసుకుపోతే, "ఏమీ లేదన్నా ఇందులో, ఫార్మాట్ కొట్టి ఇస్తా" అన్నారు. ఈయనకి మనసొప్పలేదు. కార్డు తీసి కాగితంలో మడిచి, నాతో పాటు బీరువాలో చీరల కింద పెట్టాడు. మళ్లీ తీద్దామని అవ్వ అంటూనే ఉంది. 2012లో ఆమె పోయింది.

తర్వాత చేతిచేతికీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. నేను చీకట్లో ఉండిపోయాను. 2013 నవంబరు 5న మంగళయాన్ లేచిన మోత చీరల మడతల్లోనే విన్నాను.

2020 లాక్‌డౌన్‌లో బీరువా తలుపు తెరుచుకుంది. మనవరాలు బీటెక్ మొదటి సంవత్సరం, ఇంట్లోనే పాఠాలు. నా బ్యాటరీ ఉబ్బి మూత పైకి లేచింది. దానికి చార్జింగ్ పెట్టకుండా మెల్లగా తీసి అవతల పెట్టింది. కొత్త బీఎల్-5సీ తెప్పించింది. కార్డుని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, ముందు దాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసుకుంది, ఆ నకలు మీదే పని మొదలుపెట్టింది. నేను బొమ్మ తీసే పద్ధతిలో ప్రతి బొమ్మా దేనికదే పూర్తి జేపెగ్ ఫొటో. దానికి తలకాయ గుర్తు ఒకటి, తోక గుర్తు ఒకటి ఉంటాయి. పట్టీ లేకపోయినా ఆ గుర్తులు వెతుక్కుంటూ పోతే బొమ్మలు, వాటి నడుమ ఉన్న మాటలూ దొరుకుతాయి. ఖరీదైన పెట్టెలు చోటు ఆదా చెయ్యడానికి ఒక బొమ్మకీ మరో బొమ్మకీ ఉన్న తేడాని మాత్రమే రాసుకుంటాయి, వాటిలో ఇంత సులువు కాదు. నాకు ఆ తెలివి లేకపోవడమే ఆ రోజు అక్కరకొచ్చింది. మూడు రాత్రులు కూర్చుని పదిహేడు నిమిషాల్లో పదకొండు నిమిషాలు బయటికి తీసింది. పెళ్లి సంగతి పోయింది. పులుసు దక్కింది.

నాయన్ని పిలిచింది. ఆయన కూర్చోలేదు, నిలబడే చూశాడు. తెర మీద అవ్వ దాక తిప్పుతోంది. "గరిటె పెట్టమాక" అనే మాట దగ్గర తలుపు పట్టుకున్నాడు. మరునాడు ఇంట్లో చేపల పులుసు వండారు. ఎవరూ గరిటె పెట్టలేదు.

2023 జులై 14, మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకి చంద్రయాన్-3. మిద్దె మీద అందరి చేతుల్లో ఫోన్లు. ఆ పిల్ల కొత్త కార్డు వేసి నన్ను కూడా పైకి తెచ్చింది. రాకెట్టు కనుమరుగయ్యాక ఫోన్లన్నీ కిందికి దిగాయి. ఆ పిల్ల మాత్రం నన్ను దించలేదు. నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మోత వచ్చింది. నీళ్ల మీదుగా, తోటల మీదుగా వచ్చి నా చెవిలో నిండింది. అంతా వినబడ్డాకే మీట నొక్కింది.

నాలాంటివి మీ ఇళ్లలోనూ ఉంటాయి. పాత ఎంపీ4లు, కెమెరాలు, మీట ఫోన్లు, మెమరీ కార్డులు. కార్డులో ఉన్నది కాస్తంత విద్యుత్తు పట్టి ఉంచిన గుర్తు. సాధారణంగా పదేళ్లకి హామీ ఇస్తారు, ఆ తర్వాత అది మెల్లగా జారిపోవచ్చు. కాబట్టి ఈ ఆదివారం బీరువా తెరవండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టవద్దు, తీసెయ్యండి. కార్డులో ఏమీ లేదని ఎవరన్నా చెప్పినా ఫార్మాట్ చెయ్యనివ్వద్దు, దాని మీద కొత్తది ఎక్కించవద్దు. తెలిసిన పిల్లలెవరి చేతనైనా ముందు రెండు నకళ్లు తీయించి, రెండు చోట్ల దాచండి.