ఆరో నిమిషం

బగ్ ట్రాకర్‌ను వెబ్ సర్వర్‌పై నిలబెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. మాన్యువల్ చదివి చేసేది ఒకటి. దానికి ఒక పూట పడుతుంది గనుక వాడుకలో లేదు. రెండోది ఐదు నిమిషాల పద్ధతి. నాందేడ్‌లో మెట్ల కింది గదిలో నడిచే ఆఫీసు నుంచి హైటెక్ సిటీ అద్దాల మేడ దాకా చెల్లుబాటయ్యేది ఇదే. పని పూర్తయిందనడానికి ఇందులో సాక్ష్యం ఒక్కటే: బ్రౌజర్లో పేజీ తెరుచుకోవడం.

సరంజామాకు కొరత లేదు. 1998లో మొజిల్లా కోసం పుట్టిన బగ్‌జిల్లా, పీహెచ్‌పీలో రాసిన మాంటిస్, రూబీ ఆన్ రైల్స్ మీద నడిచే రెడ్‌మైన్ ఉన్నాయి. మూడూ ఉచితం. ఉచితంగా వచ్చినదానికి జాగ్రత్త ఎందుకన్నది ఈ పద్ధతి మూలసూత్రం.

ముందు అనుమతుల సంగతి. డేటా ఫోల్డర్లో రాయలేక అప్లికేషన్ మొరాయిస్తుంది. వెబ్ సర్వర్ అపాచీ ఏ గ్రూపు పేరుతో నడుస్తోందో చూసి ఫోల్డర్‌ను ఆ గ్రూపుకు అప్పగిస్తే చాలు. కానీ చూడాలి కదా! 777 అని కొడితే ఎవరినీ చూడనక్కర్లేదు. సర్వర్లో ఖాతా ఉన్న ప్రతివాడూ చదవొచ్చు, రాయొచ్చు, చెరపొచ్చు. ఇంత ఉదారమైన అంకె యూనిక్స్‌లో మరొకటి లేదు. ఎస్ఈలైనక్స్ భద్రతా వ్యవస్థ అభ్యంతరం చెబితే దాన్నే ఆపేస్తారు. కేక వేసినందుకు కాపలావాణ్ణి ఇంటికి పంపడం లాంటిది ఇది.

తర్వాతి ఘట్టం ఇంకా రసవత్తరం. బగ్‌జిల్లా డేటాబేస్ పాస్‌వర్డ్ లోకల్‌కాన్ఫిగ్ అనే ఫైల్లో ఉంటుంది. దాన్ని బయటివాళ్ల కంటపడకుండా కాచేది హెచ్‌టీయాక్సెస్ ఫైలు. అపాచీ 2.4లో 'అలోఓవర్‌రైడ్' అన్న ఆదేశాన్ని మార్చితే తప్ప ఆ ఫైలును సర్వర్ పట్టించుకోదు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో సర్వర్ అయితే దాన్ని అసలు చదవనే చదవదు. అడ్డు ఏదో దాని భాషలో విడిగా రాసుకోవాలి. వేగం కోసం ఎన్‌జిన్‌ఎక్స్‌కు మారినవాళ్లకు ఈ సంగతి తెలియనంతకాలం పాస్‌వర్డ్ కూడా వేగంగానే బయటికి వెళుతుంది. ఈ కన్నాన్ని కనిపెట్టే టెస్ట్‌సర్వర్ అనే స్క్రిప్టు బగ్‌జిల్లాతోనే వస్తుంది. దాన్ని నడపడానికి ఆరో నిమిషం కావాలి.

పోయేది పాస్‌వర్డ్ ఒక్కటే కాదు. సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ విరుగుతుందో పూసగుచ్చినట్టు రాసిపెట్టిన చిట్టా బగ్ ట్రాకర్. ఒక ఆగంతకుడు బగ్‌జిల్లా పుట్టింట్లోనే దూరాడని 2015 సెప్టెంబరులో మొజిల్లా ప్రకటించింది. అతడు చూసిన 185 రహస్య బగ్‌లలో 53 తీవ్రమైన భద్రతా లోపాలు. అక్కడ సర్వర్ తప్పేమీ లేదు. ప్రత్యేకాధికారాలున్న ఒకరు అదే పాస్‌వర్డ్‌ను వేరే సైట్‌లోనూ వాడారు, అంతే. మన పద్ధతిలో ఆగంతకుడికి ఆ శ్రమ కూడా ఉండదు. మాంటిస్ తొలి ఖాతా పేరు అడ్మినిస్ట్రేటర్, పాస్‌వర్డ్ రూట్. మార్చమనీ, అడ్మిన్ ఫోల్డర్ తీసేయమనీ మాన్యువల్ చెబుతుంది, ఎవరైనా చదివితే.

నాందేడ్‌లో మరో పరీక్ష ఉంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఈ జిల్లాలో మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. దేగ్లూర్, బిలోలీ, ధర్మాబాద్ వైపు తెలుగూ వినిపిస్తుంది. ఫిర్యాదులు దాచే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు 2018లో 8.0 వచ్చేదాకా డిఫాల్టు అక్షర సముదాయం లాటిన్1. పాత సర్వర్లో దాన్ని అలాగే వదిలేస్తే 'రసీదులో పేరు తప్పు పడుతోంది' అన్న తెలుగు ఫిర్యాదు ప్రశ్నార్థకాల వరుసగా మిగులుతుంది. మరాఠీ ఫిర్యాదుకూ, ఉర్దూ ఫిర్యాదుకూ అదే గతి. భాషల మధ్య ఇంతటి సమానత్వాన్ని ఏ ప్రభుత్వమూ సాధించలేదు.

హెచ్‌టీటీపీఎస్ విషయం క్లుప్తం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్‌కు 90 రోజుల ఆయుష్షు. పునరుద్ధరణ దానంతటదే జరిగే ఏర్పాటు చేయకపోతే ఆ తర్వాత బ్రౌజర్ ఎర్రటి హెచ్చరిక చూపుతుంది. దాన్ని దాటి ముందుకెళ్లడం ఎలాగో కొత్త ఉద్యోగులకు మొదటిరోజే నేర్పుతారు. దీన్నే భద్రతా శిక్షణ అంటారు.

చివరిది మెయిల్. బగ్ నమోదైన కబురు అందాలంటే డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. లేకపోతే కబుర్లు స్పామ్‌లో పడి ఉంటాయి. అందుకని బగ్‌లన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలని ఆఫీసు ఆదేశిస్తుంది. అక్కడ కాన్ఫిగర్ చేయాల్సిందేమీ లేదు.